ఇకపై మా రిపోర్టుల్లో టిక్కులు ఉండవు

నమస్తే. లోహపు భాగాలు చేసిచ్చే మా బాలానగర్ మెషీన్ షెడ్డు నుంచి రాస్తున్నాను. వచ్చే నెల నుంచి మా రేట్లు మారుతున్నాయి. కొందరికి పెరుగుతాయి, చాలామందికి తగ్గుతాయి. ఎందుకో చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మొన్న వేసవిలో ఒక కస్టమర్‌కి 40 అల్యూమినియం హౌసింగ్‌లు (బేరింగ్‌ని పట్టి ఉంచే గూళ్లు) చేసిచ్చాం. వాటిలో 6205 నంబర్ బేరింగ్ కూర్చోవాలి, దాని బయటి డయా (వ్యాసం) 52 మి.మీ. డ్రాయింగ్‌లో బోర్‌కి (బేరింగ్ దిగే రంధ్రానికి) 52 హెచ్7 అని ఉంది. అంటే 52.000 నుంచి 52.030 లోపు రావాలి. మావి 52.015 దగ్గర వచ్చాయనే అనుకుందాం. అనుకుందాం అని ఎందుకన్నానో కాసేపట్లో చెప్తాను. హార్డ్ అనోడైజింగ్ (అల్యూమినియం మీద గట్టి పూత) చేయించి పంపాం. నాలుగో రోజు ఫోన్: "అన్నా, బేరింగ్ దిగట్లేదు."

డ్రాయింగ్ మూలన చిన్న అక్షరాల్లో "50 మైక్రాన్ల పూత" అని రాసి ఉంది. మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు. హార్డ్ అనోడైజింగ్ పూతలో దాదాపు సగం లోహంలోకి దిగుతుంది, సగం పైకి పెరుగుతుంది. గోడకి 25 మైక్రాన్ల చొప్పున రెండు వైపులా పెరిగితే బోర్ డయా 50 మైక్రాన్లు తగ్గుతుంది. 52.015 కాస్తా 51.965 అయింది. బేరింగేమో 51.987 కంటే చిన్నగా ఉండదు. సుత్తి పెట్టి కొడితే దిగేదేమో కానీ, ఆ బేరింగ్ ఎన్నాళ్లు తిరిగేదో దేవుడికే తెలియాలి. బోర్‌ని ముందే 50 మైక్రాన్లు పెద్దగా తీయాలి, లేదంటే బోర్ వరకు పూత పడకుండా మాస్కింగ్ చేయించాలి. రెండూ చేయలేదు. కనీసం ఫోన్ చేసి అడగలేదు కూడా.

అసలు సిగ్గుపడాల్సింది ఆ తర్వాతి సంగతికి. నేను మా ఇన్‌స్పెక్షన్ రిపోర్టు పట్టుకుని వాదించడానికి వెళ్లాను. "52 హెచ్7" పక్కన టిక్కు ఉంది కదా! ఆ కస్టమర్ చూసి ఒకటే అడిగాడు: "దీన్ని దేంతో కొలిచారు?"

వర్నియర్‌తో. దాని లీస్ట్ కౌంట్, అంటే అది చూపగలిగే అతి చిన్న తేడా, 0.02 మి.మీ. హెచ్7 ఇచ్చే జాగా మొత్తం 0.03. అంటే గీత గీతకి మధ్య కన్ను ఎటు ఒరిగితే అటు పాస్. ఏటా ఆయుధ పూజకి బొట్టు పెట్టించుకునే ఆ వర్నియర్‌ని నమ్మి, ఎన్నేళ్లుగా మీకు టిక్కులు కొట్టి ఇచ్చానో! అదృష్టం కొద్దీ చాలావరకు సరిపోయాయి. 40 హౌసింగ్‌లూ నా ఖర్చుతో మళ్లీ చేసిచ్చాను. ఆ కస్టమర్ ఇంకా మా దగ్గరే చేయిస్తున్నాడు.

ఇప్పుడు బోర్ గేజ్, మైక్రాన్ చూపించే మైక్రోమీటర్ కొన్నాం. మూలన చిన్న గది కట్టి ఏసీ పెట్టించాం. ఏసీ నాకోసమే అని మావాళ్ల గుసగుస. డ్రాయింగ్‌లోని కొలతలు 20 డిగ్రీల దగ్గరివని లెక్క. మే నెలలో షెడ్డులో 40 దాటుతుంది. ఆ వేడిలో 200 మి.మీ. అల్యూమినియం జాబ్ దాదాపు 0.09 మి.మీ. పొడుగవుతుంది. మెషీన్ మీద నుంచి తీసి వేడి వేడిగా కొలిస్తే ఆ రీడింగ్‌కి అర్థం లేదు. ఇకపై ముఖ్యమైన కొలతలకి టిక్కు కాదు, వచ్చిన అంకె రాసిస్తాం.

ఇక మీ వైపు సంగతి. కోపం తెచ్చుకోకండి. మా దగ్గరికి వచ్చే చాలా డ్రాయింగ్‌లలో ప్రతి కొలతకీ ±0.01 మి.మీ. టాలరెన్స్ (అంతకు మించి తేడా రాకూడదని) ఉంటోంది. మూత పలకకి నాలుగు ఎం5 బోల్టు రంధ్రాలు ఉంటాయి. వాటి డయా 5.5, బోల్టు చుట్టూ బోలెడు ఖాళీ. దానికీ ±0.01. దేనికీ ఆనకుండా గాల్లో ఉండే 120 మి.మీ. అంచుకీ అదే. విడిగా టాలరెన్స్ రాయని కొలతలకి వాడే ప్రమాణం ఐఎస్ఓ 2768 మీడియం అని రాస్తే ఆ అంచుకి ±0.3 సరిపోతుంది. ±0.01 అంటే ఫినిషింగ్ కట్ విడిగా వేయాలి, ఇన్సర్ట్ (కోసే మొన) అరుగుదలకి మాటిమాటికీ ఆఫ్‌సెట్ (మెషీన్‌లో పెట్టే సవరణ) మార్చాలి, ప్రతి పీసూ చల్లారాక కొలవాలి. ఇన్నాళ్లూ నేను రేటు మొత్తానికి వేసి, పనిమాత్రం అవసరమని నాకు తోచిన చోటే చేశాను. అది మీకూ నష్టమే, నాకూ మర్యాద కాదు.

కాబట్టి కొటేషన్‌కి ముందు ఫోన్ చేస్తాను. ఏ ముఖం దేనికి ఆనుతుంది, ఏది తిరుగుతుంది, రాసిన కొలత పూతకి ముందా తర్వాతా అని అడుగుతాను. వాటికి మాత్రమే టైట్ టాలరెన్స్, వాటికి మాత్రమే ఎక్కువ రేటు.

ఇదివరకు మా దగ్గర బేరింగ్ బోర్‌లు చేయించుకున్నవాళ్లు అనుమానం ఉంటే తెండి, ఉచితంగా కొలిచి అంకెలు రాసిస్తాను. జాబ్ కొంతసేపు ఏసీ గదిలో ఉండాలి కాబట్టి, ఇచ్చేసి అలా వెళ్లి చాయ్ తాగి రండి.