వారానికే లేచిపోయిన గోళ్ల గురించి

ఏప్రిల్ నుంచి జూలై దాకా నా దగ్గర అక్రిలిక్ గోళ్లు (ద్రవం, పొడి కలిపి సొంత గోటి మీద కట్టే గోళ్లు) పెట్టించుకున్న వాళ్లందరికీ ఈ మాట చెప్పాలి. మీలో చాలామందికి వారం, పది రోజులకే గోరు మొదట్లో, పక్కల్లో లేచి వచ్చింది. సరిగ్గా పెడితే రెండు మూడు వారాలు, అంటే ఇన్‌ఫిల్ (సొంత గోరు పెరిగి మొదట్లో వచ్చిన ఖాళీని నింపడం) టైమ్ వచ్చేదాకా కదలకూడదు. మీరు ఫోన్ చేసి అడిగినప్పుడల్లా "గిన్నెలు తోముతారు కదా అక్కా, నీళ్లలో నానితే అంతే" అన్నాను. నేర్పినవాళ్లు చెప్పిన మాటే నేనూ అనేశాను. అది తప్పు. లోపం నా పనిలో ఉంది. క్షమించండి.

ఎలా తెలిసిందంటే, జూలైలో ఒక అక్క ఊడిన గోటిని చిన్న కవర్లో పెట్టి తీసుకొచ్చారు. "ఇదిగో చూడమ్మా, ఊరెళ్లాను, వారం రోజులు గిన్నె ముట్టుకోలేదు" అన్నారు. దాన్ని ల్యాంప్ కింద తిరగేసి చూశాను. మొదలు వైపు ఉల్లిపొరలాంటి తెల్లటి పొర అతుక్కుని ఉంది. అది చర్మం. గోటి మీదికి పల్చగా పాకి ఉండే ఆ మృతచర్మాన్ని నేను పూర్తిగా తియ్యలేదు. అక్రిలిక్ గోటికి బదులు ఆ పొరను పట్టుకుంది. పొర లేచింది, దాంతో పాటు గోరూ లేచింది.

ఆ రోజు నుంచి నెల రోజులు కొత్త బుకింగ్స్ తగ్గించి మా చెల్లి, మా పిన్ని చేతుల మీద ప్రాక్టీస్ చేశాను. ఇంకో పెద్ద తప్పు అప్పుడు దొరికింది. ద్రవం, పొడి కలవగానే గట్టిపడటం మొదలవుతుంది. వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా గట్టిపడుతుంది. మే నెల విశాఖ ఎండకి నా గదిలో, కలిపిన ఆ చిన్న ఉండను గోటి మీద సర్దేలోపే బిగుసుకుపోయేది. టెన్షన్‌తో బ్రష్‌కి ద్రవం ఎక్కువ పట్టించేదాన్ని. అలా కలిపినది పల్చబడి చర్మం మీదికి జారేది. చర్మానికి తగిలిన చోట అంచు నిలవదు, అక్కడి నుంచే లేవడం మొదలు.

ఉండ ఎలా ఉండాలో ఇప్పుడు కంటికి తెలుస్తోంది. బ్రష్‌ని ద్రవంలో ముంచి, గిన్నె అంచుకు ఒక పక్క ఒత్తి, పొడిలో మెల్లగా గీస్తే కొనకు ముత్యంలా ఉండ తేలుతుంది. దాన్ని గోటి మీద పెట్టి వెంటనే కెలక్కూడదు. సరైన ఉండ పెట్టిన చోటే నిలబడి నెమ్మదిగా నునుపుతేలుతుంది. దోసెపిండిలా పక్కలకు పాకితే ద్రవం ఎక్కువైనట్టు, బొంబాయి రవ్వలా పలుకులు కనిపిస్తే తక్కువైనట్టు. కొనకు ఒకటి, మధ్యలో ఒకటి, మొదట్లో మెంతిగింజంత ఒకటి, మూడు ఉండలు. మధ్యది కాస్త ఎత్తుగా ఉండాలి. దాన్నే అపెక్స్ అంటాం. ఆ ఎత్తు లేకుండా చదునుగా పెడితే కొనకు దెబ్బ తగిలినప్పుడు బలమంతా వెనక్కి పోయి మొదట్లో లేస్తుంది. మొదటి నెలల్లో సన్నగా అందంగా కనిపించాలని నేను చదునుగానే పెట్టాను. చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఆపడం మాత్రం చాలా కష్టం, దానికే నెల పట్టింది.

ఇప్పుడు గదికి ఏసీ పెట్టించాను, నెమ్మదిగా గట్టిపడే పొడి వాడుతున్నాను. అక్రిలిక్‌కి ముందు గోటికి పూసే ప్రైమర్ ఎక్కువ రాస్తే బాగా పట్టుకుంటుందనుకునేదాన్ని, అదీ తప్పే, గోటికి చిన్న చుక్క చాలు.

మా చెల్లి గ్లౌజులు లేకుండానే రోజూ గిన్నెలు తోముతుంది. ఆగస్టులో పెట్టిన పది గోళ్లలో తొమ్మిది 18 రోజులు నిలిచాయి. కుడి బొటనవేలిది పక్కన లేచింది. వంపు ఎక్కువున్న గోటి పక్కల్లో నా చెయ్యి ఇంకా కుదరలేదు.

లేచిన గోటిని గమ్‌తో అతికించుకోవద్దని గట్టిగా చెప్తున్నాను. సందులో తడి నిలిస్తే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరిగి గోరు ఆకుపచ్చగా మారుతుంది. పీకొద్దు కూడా, మీ సొంత గోటి పొరలు ఊడొస్తాయి. నా దగ్గరికొస్తే అసిటోన్‌లో నానబెట్టి తీస్తాను. గోటి చుట్టూ దురద, ఎర్రదనం ఉంటే వెంటనే చెప్పి, స్కిన్ డాక్టర్‌కి చూపించుకోండి. గట్టిపడని ద్రవం పదేపదే చర్మానికి తగిలితే ఎలర్జీ రావచ్చు, ఒకసారి వచ్చిందంటే సాధారణంగా పోదు. నేను ద్రవం ఎక్కువ పట్టించి చర్మం మీదికి జారనిచ్చిన రోజుల్లో వచ్చినవాళ్ల గురించి నాకున్న భయమంతా అదే.

ద్రవం ఏది వాడతావని కొందరు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. నేను వాడేది ఈఎంఏ (ఇథైల్ మెథాక్రిలేట్). చవగ్గా దొరికే ఎంఎంఏ (మిథైల్ మెథాక్రిలేట్) ద్రవం గోటికి మరీ గట్టిగా పట్టేస్తుంది, అసిటోన్‌కి సరిగా కరగదు. నూటికి నూరు పాళ్లు ఎంఎంఏ ఉన్న ద్రవాలను అమెరికాలో మందులు, కాస్మెటిక్స్‌ని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1970లలోనే కోర్టు ద్వారా మార్కెట్ నుంచి తీయించింది. సీసా మీద లేబుల్ చూపించమనండి, సంతోషంగా చూపిస్తాను.

ఆ నాలుగు నెలల్లో పెట్టించుకున్నవాళ్లు ఎప్పుడైనా రండి, తీసినా మళ్లీ పెట్టినా డబ్బులు తీసుకోను. ఇకపై రోజుకి ఇద్దరికే పెడతాను, ఒక్కొక్కరికి రెండున్నర గంటలు పడుతుంది. పక్కలు సన్నబడి కొన చదునుగా ఉండే పొడవాటి కాఫిన్ షేప్ ఇప్పట్లో చెయ్యను. అడిగితే బాగా చేసేవాళ్ల నంబర్ ఇస్తాను. పెళ్లికి గోరింటాకు పెట్టుకుంటే గోళ్లకన్నా రెండు రోజుల ముందు పెట్టుకోండి. కడిగాక రంగు కోసం కొబ్బరినూనె రాస్తాం కదా, గోళ్ల పని రోజు మాత్రం వద్దు, నూనె ఉన్న చోట అక్రిలిక్ పట్టదు.

ఊడిన ముక్క ఇంట్లో ఉంటే పారేయకండి, ఆ అక్కలాగే కవర్లో పెట్టి తీసుకురండి. దాని కిందవైపు చూడాలి నేను.