రుణం సరే, సరుకు బాకీ ఎవరు ఇప్పిస్తారు?

ఎడిటర్ గారికి,

మహిళా సంఘాలకు బ్యాంకు రుణాలు ఇచ్చిన వార్తలు, పెద్ద చెక్కు పట్టుకుని నవ్వుతున్న ఫొటోలు మీ పత్రికలో తరచూ చూస్తుంటాను. మౌలాలీలో నాకు పిండి గిర్నీ ఉంది. అలాంటి సంఘాల ఆడవాళ్లే బియ్యం సంచులతో నా దగ్గరికి వస్తారు కాబట్టి, ఫొటో తర్వాత ఏం జరుగుతుందో రాస్తున్నాను.

ముందు సకినాల పిండి గురించి చెప్పాలి. బియ్యం నానబెట్టి, నీళ్లు వార్చి, ఇంకా తడి ఉండగానే పట్టాలి. పొడి పిండితో చేస్తే చుట్టేటప్పుడే తెగిపోతుంది. ఆ తడి పిండి మిషన్‌కి అతుక్కుంటుంది, జల్లెడ మూసుకుపోతుంది, ఒక్కొక్కరి వంతు అయ్యాక విప్పి తుడవాలి. అందుకే తడి బియ్యం అంటే చాలా గిర్నీలవాళ్లు మొహం తిప్పుకుంటారు. ఇంటికెళ్లాక నువ్వులు, ఓమ కలిపి, బట్ట పరిచి, వేళ్లతో చుట్టలు తిప్పి, కాస్త ఆరనిచ్చి నూనెలో వేస్తారు. చూడ్డానికి తేలికే. రోజంతా నేల మీద కూర్చుని చుట్టిన వాళ్ల నడుముని అడగాలి.

సరుకు బాగుంటుంది, అడిగేవాళ్లూ ఉన్నారు. మా బస్తీలో ఒక అక్క ఓ పెద్ద సూపర్ మార్కెట్‌కు ప్యాకెట్లు వేస్తుంది. షాపు పేరు రాయను, రాస్తే ఆమెకున్న ఆ ఆర్డరూ పోతుంది. అమ్ముడైన ప్యాకెట్‌కే డబ్బు, మిగిలినవి వాపస్ అన్నది వాళ్ల షరతు. సకినాలంటే పెళుసు సరుకు. ఎవరో నొక్కి చూసి అక్కడే పెట్టేసిన ప్యాకెట్ కూడా విరిగిందని ఆమె ఖాతాలోనే రాస్తారు. అమ్ముడైన వాటి బిల్లు రావడానికి రెండు నెలలు, ఒక్కోసారి మూడు. ఈలోపు నా దగ్గరికొచ్చి, "అన్నా, పట్టుడు పైసలు రాసి పెట్టుకో, షాపోళ్లు ఇయ్యంగనే ఇస్తా" అంటుంది. నేను నోట్‌బుక్‌లో రాసుకుంటాను. నూనె, నువ్వులు కిరాణా కొట్టులో ఉద్దెర. అదీ చాలకపోతే రోజువారీ వసూలుకొచ్చే ఫైనాన్స్ వాళ్లు ఉండనే ఉన్నారు. లెక్క తీస్తే ఏసీ షాపుకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నది మా బస్తీ. సంఘం లోన్ కూడా అందులోకే పోతుంది. షాపువాళ్లు ఎప్పుడు ఇచ్చినా, లోన్ వాయిదా మాత్రం నెల తిరిగేసరికి కట్టాలి. కట్టకపోతే గ్రూపులో పరువు పోతుందని ఆమెకు అదో టెన్షన్.

ఈ మధ్య మీటింగుల్లో అధికారులు వాల్యూ చైన్ అంటున్నారు. పొలం దగ్గర్నుంచి కొనేవాడి దాకా ప్రతి మెట్టూ చూసి, చిన్న యూనిట్ల ఆదాయం పెంచాలట. మంచిదే. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం ఆ దారిదే. చిన్న ఫుడ్ యూనిట్ పెట్టుబడిలో 35 శాతం, 10 లక్షలకు మించకుండా సబ్సిడీ అని పెట్టారు. సంఘం సభ్యురాలికి సరుకు తిప్పుకునే పెట్టుబడికీ చిన్న పనిముట్లకూ 40 వేల దాకా. బ్రాండింగ్‌కూ సాయం రాసి ఉంది. కానీ మా దాకా వచ్చేసరికి అందరి చూపూ మిషన్ మీదే. సీలింగ్ మిషన్ తెచ్చుకుని మూలన పెట్టినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

చట్టం లేదా అంటే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు చిన్న యూనిట్‌కు బిల్లు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ చెప్పిన బ్యాంక్ రేటుకు మూడింతల లెక్కన చక్రవడ్డీ. 2023 బడ్జెట్‌లో ఇంకో ముడి వేశారు, గడువులోపు కట్టని బిల్లును కట్టేదాకా ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికి లేదు. ఫిర్యాదుకు 2017లో కేంద్రం సమాధాన్ అనే ఆన్‌లైన్ పోర్టల్ పెట్టింది. నాకు ఇవన్నీ మా జీఎస్టీ లెక్కలు రాసే అబ్బాయి చెప్పాడు. అయితే అలా ఫిర్యాదు చేయాలంటే ఉద్యమ్ నంబర్, అంటే చిన్న యూనిట్‌గా ప్రభుత్వం దగ్గర నమోదైతే ఇచ్చే నంబర్ కావాలి. అది పైసా ఖర్చు లేకుండా వస్తుంది, అయినా నా గిర్నీకి వచ్చేవాళ్లలో తీసుకున్నవాళ్లు తక్కువ. లోన్ ఫారాల మీద సంతకాలు పెట్టించే రోజే ఆ నంబర్ కూడా తీయించి చేతిలో పెడితే పోయేదేముంది? ఇక 'అమ్మితేనే డబ్బు' అన్నచోట గడువు ఏ రోజు మొదలైందో తేల్చడమే కష్టం. సరుకు షాపులో దిగిన రోజే లెక్క మొదలవ్వాలని ప్రభుత్వం స్పష్టంగా చెప్పాలి.

ఇంకో మాట. అంగన్‌వాడీలకు ఇచ్చే పసిపిల్లల పోషకాహార పిండి, బాలామృతం, మా పక్కనే, నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ ఫ్యాక్టరీలో తయారవుతుంది. దానికి నేను వంక పెట్టను. కేరళలో మాత్రం ఇలాంటి పిండినే అమృతం న్యూట్రిమిక్స్ పేరుతో కుటుంబశ్రీ (అక్కడి ప్రభుత్వ మహిళా సంఘాల కార్యక్రమం) మహిళల చిన్న యూనిట్లు పట్టి అంగన్‌వాడీలకు ఇస్తున్నాయి. గోధుమలు, పప్పులు వేయించి పట్టడం మా దగ్గరివాళ్లకు కొత్త విద్యేం కాదు. పసిపిల్లల తిండి కాబట్టి శుభ్రత, ల్యాబ్ పరీక్ష గట్టిగానే ఉండాలి. ఒక్క జిల్లాలో కొంత భాగమైనా వీళ్లకు అప్పగించి చూడొచ్చు. పండగ దాటితే ఆర్డర్లు లేక కూర్చునేవాళ్లకు ఏడాది పొడవునా పని దొరుకుతుంది.

సంక్రాంతి సకినాల ఆర్డర్లు డిసెంబర్ నుంచే మొదలవుతాయి. నగరంలో మహిళా సంఘాల పని చూసే యూసీడీ (పట్టణ సామాజిక అభివృద్ధి) అధికారులు ఆలోపు మా దగ్గర ఉద్యమ్ రిజిస్ట్రేషన్ క్యాంపు పెడతామంటే గిర్నీ ముందు టెంటు, కుర్చీలు, కరెంటు నేను చూసుకుంటాను. ఆధార్, పాన్ కార్డులతో ఆడవాళ్లను పిలుచుకొచ్చే పూచీ కూడా నాదే.

— ఒక పిండి గిర్నీ యజమాని,
మౌలాలీ, హైదరాబాద్