యుద్ధాన్నీ చర్చినీ విడదీసి చెప్పకు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

మధ్యయుగాల చివరి యూరప్ పాఠంలో యుద్ధాలకు ఒక వారం, చర్చి సంక్షోభానికి మరో వారం కేటాయించానని రాశావు. తొలి ఏళ్లలో నేనూ అలాగే చెప్పాను. పోపుల దగ్గరికి వచ్చేసరికి పిల్లలు యుద్ధాన్ని మరిచిపోయేవారు. ఆ రెండూ ఒకే కథగా నడిచిన చోటు బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) కనుక, పాఠాన్ని అక్కడి నుంచి చెప్పమని నా సలహా.

1378లో రోమ్‌లో ఒక పోపు, అవిన్యోన్‌లో మరో పోపు వెలిసినప్పుడు ఫ్రాన్స్ అవిన్యోన్ వైపు, దానితో అప్పటికే పోరాడుతున్న ఇంగ్లండ్ రోమ్ వైపు నిలిచాయని చెబితే ఆ భాగానికి చాలు. 1409లో పీసాలో జరిగిన చర్చి మహాసభ ఆ చీలికను మాన్పబోయి మూడో పోపును తెచ్చిపెట్టిందంటే తరగతి నవ్వుతుంది, నవ్వనివ్వు. తీరిగ్గా చెప్పవలసినది 1412 సంగతి. పీసా వరుసకు చెందిన పోపు 23వ జాన్, నేపుల్స్ రాజు లాడిస్లాస్‌పై మతయుద్ధం ప్రకటించి, దాని ఖర్చు కోసం ప్రాగ్‌లో పాపపరిహార పత్రాలు అమ్మించాడు. ప్రాగ్ మతబోధకుడు యాన్ హుస్ దానిని బహిరంగంగా ఖండించాడు. నిరసన తెలిపిన ముగ్గురు యువకుల తలలు తీశారు. హుస్‌కు సిగిస్మండ్ రాజు అభయపత్రం ఇచ్చినా, కాన్‌స్టన్స్ మహాసభ ఆయనను మతద్రోహిగా తేల్చగా, 1415 జులై 6న సజీవ దహనం చేశారు.

ప్రభువు బల్లలో మతగురువులకు మాత్రమే దక్కే ద్రాక్షారసం సామాన్యులకూ ఇవ్వాలని హుస్ అనుచరులు పట్టుబట్టారు. ఒక గిన్నె కోసం యుద్ధమా అని నా తరగతిలో ఒకడు అడిగినప్పుడు, నాకంటే ముందే వెనక బెంచీలోని క్రైస్తవ విద్యార్థిని లేచి, ఆ గిన్నె అందకపోవడమంటే ఏమిటో వివరించింది. నీ తరగతిలోనూ అలాంటివారు ఉంటారు, వారిని మాట్లాడనివ్వు.

1420లో పోపు ఐదో మార్టిన్ హుసైట్లపై, అంటే హుస్ అనుచరులపై, మతయుద్ధం ప్రకటించాడు. ఆ ఏడాది మార్చిలో సుదోమెర్ దగ్గర, హుసైట్ల సేనాని, ఒంటికన్ను యాన్ జిష్కా కొద్దిపాటి బండ్లతో, సుమారు 400 మందితో అంతకు ఎన్నో రెట్లున్న గుర్రపుదళాన్ని నిలువరించాడు. ఎండగట్టిన చెరువు బురదలో శత్రువుల గుర్రాలు కూరుకుపోయాయి. హుసైట్లు బండ్లను వలయంగా నిలిపి, గొలుసులతో బిగించి, పలకల చాటు నుంచి చేతితుపాకులు కాల్చేవారు. రైతులు ధాన్యం నూర్చే కర్రలకు ఇనుప మేకులు దిగగొట్టి ఆయుధాలు చేసుకున్నారు. హోవిట్జర్ అన్న పేరు వారి ఫిరంగి పేరు హౌఫ్నిత్సే నుంచే వచ్చిందని చెప్పడం మరవకు. 1421లో జిష్కా రెండో కన్నూ పోయింది. అయినా 1424లో మరణించేదాకా సైన్యాన్ని నడిపాడు.

మతయుద్ధ సైన్యాలు ఓడించలేని ఆ బండ్లకోటను 1434లో లిపానీ దగ్గర కాథలిక్కులతో చేతులు కలిపిన మితవాద హుసైట్లే ఓడించారు. పారిపోతున్నట్టు నటించి, తాబోర్ వారిని, అంటే హుసైట్లలోని తీవ్రవాద వర్గాన్ని, ఆ బండ్లకోటలో నుంచి బయటికి రప్పించారు. రెండేళ్లకు కుదిరిన రాజీలో గిన్నె మాత్రం దక్కింది.

బండ్ల బొమ్మ ఒకటి గీసి ఈ కవరులో పెట్టాను. చక్రాలు సరిగ్గా రాలేదు. బోర్డు మీద నువ్వు సరిచేసి వేయి.

ఆశీస్సులతో,
నాన్న