పెరటి కోళ్లకీ ఒక టీకా రోజు పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన ఆదివారం మీరు పెంపుడు జంతువుల మీద వేసిన పేజీ మొత్తం చదివాను, కుక్కల ఫుడ్డు పిల్లుల షాంపూ అన్నీ ఉన్నాయి గానీ కోడిని పెంచుకునేవాళ్ల గురించి ఒక్క ముక్క లేదండి. గుంటూరులో పెరడున్న పాత ఇళ్లల్లో కోసుకోడానికి కాకుండా ప్రేమగా కోళ్లని పెంచుకునేవాళ్లం ఉన్నాం.

మా ఇంట్లో నాలుగు పెట్టలున్నాయి, వాటిని కొయ్యం. ఎర్రపెట్ట అయితే నూకల డబ్బా మూత తీసిన చప్పుడు వినపడితే చాలు ఎక్కడున్నా రెక్కలు టపటపలాడిస్తూ పరిగెత్తుకొస్తుంది, నేను మెట్టు మీద కూర్చుంటే ఒళ్లోకెక్కి మెడ కింద గోకమని తల వంచుతుంది. కుక్కని రెండు పూటలా తిప్పాలి, ఊరెళ్తే ఎవరికి అప్పజెప్పాలా అని దిగులు, రేబిస్ భయం ఒకటి. కోళ్లతో ఆ భయం లేదు, రేబిస్ పాలిచ్చి పెంచే జంతువులకొచ్చే జబ్బు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, ఈ సంగతి చాలామందికి తెలీదు. రెట్టలు ఎత్తుకోవాలి, పిల్లలు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగించాలి, రాత్రి గూటి తలుపు గట్టిగా వేయకపోతే ముంగిస వదలదు, అంతవరకు పని ఉంది. అపార్ట్‌మెంట్ వాళ్లకి మాత్రం వద్దనే చెప్తాను, మట్టి లేనిచోట కోడిని ఉంచకూడదు, దుమ్ములో పొర్లాడటమే దానికి స్నానం, ఈకల్లో పేలు పోయేది కూడా దాంతోనే.

అసలు బాధ వైద్యం దగ్గరండి. మా పెట్టకి నలతగా ఉందని ఒక పెట్ క్లినిక్‌కి తీసుకెళ్తే చెయ్యి కూడా వేయకుండా కోడే కదమ్మా ఇంకోటి కొనుక్కోండి అన్నారు, అదే మాట కుక్కని తెచ్చినవాళ్లతో అంటారా? కొక్కెర తెగులు, రానికెట్ అంటారే, అది తగిలితే ఆకుపచ్చగా నీళ్ల విరేచనాలు, మెడ మెలితిరిగిపోవడం, రెండు మూడు రోజుల్లో గూడు మొత్తం ఖాళీ. వచ్చాక మందు లేదు, ముందే టీకా వేయించాలి. కోడిపిల్లలకి మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా అనే టీకా చుక్క, రెండు నెలలప్పుడు రెక్క కింద ఇంజెక్షను. కానీ ఆ టీకా వందల కోళ్లకి సరిపోయే సీసాల్లో వస్తుంది, చల్లగా ఉంచాలి, ఒకసారి కలిపితే కొద్ది గంటల్లోనే వాడేయాలి, నాలుగు కోళ్లున్న మేము ఏం చేస్తాం?

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కూడా చూశాం, మాట్లాడింది అంతా ఫారాల గురించే, పెరటి కోడి చచ్చిపోతే ఎవరికి ఫోన్ చేయాలో మా వీధిలో ఒక్కరికి తెలీదు.

జులై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకొచ్చే జబ్బుల దినం) అని కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు, చాలా మంచి పని. అలాగే గుంటూరు, విజయవాడ పశువుల ఆసుపత్రుల్లో నెలకో రోజు పెరటి కోళ్లకి పెడితే ఒక్క సీసాతో చుట్టుపక్కల వీధులన్నీ అయిపోతాయి. ఏ రోజు, ఎన్ని గంటలకో మీ పేపర్లో వేయండి చాలు, గంపల్లో పెట్టుకుని మేమే తెచ్చుకుంటాం.

— ఒక పాఠకురాలు, గుంటూరు