మా కొట్లో ఇంజన్ల మీద ఇక హెచ్‌పీ రాయం, ఎందుకంటే

కాశీబుగ్గ, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపుల నుంచి మా దగ్గర పంపుసెట్లు, గడ్డికోత మిషన్లు, జనరేటర్లు కొనేవాళ్లందరికీ ఈ మాట. ఈ వారం నుంచి కొట్లో ఉన్న ప్రతి ఇంజను మీదా మా సొంత చీటీ ఉంటుంది. నెట్ పవర్ (అన్నీ బిగించాక ఇంజను ఇచ్చే శక్తి) ఎన్ని కిలోవాట్లు, ఎంత ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర, టార్క్ (తిప్పే బలం) ఎంత అన్నది అందులో రాస్తాం. జనరేటరయితే పొగ నిబంధనల సర్టిఫికెట్ సంగతీ రాస్తాం. కంపెనీ నెట్ పవర్ చెప్పకపోతే "చెప్పలేదు" అనే రాస్తాం. చాలా ఇంజన్ల మీద మీకు అలవాటైన దానికన్నా చిన్న అంకె కనబడుతుంది.

చీటీలు అంటించీ అంటించగానే ఒక జీడితోట రైతు నన్ను నిలదీశారు. "ఏటి బాబూ, పోయినేడు మా బావ ఇదే ఇంజిను 5.5 అని కొన్నాడు. నువ్వు అడిగితే 4.8 హెచ్‌పీ అంటన్నావు. బలం తగ్గిపోనాదేటి?"

బలం తగ్గలేదు, కొలత మారింది. ఆయన అడిగిన హోండా జీఎక్స్160 ఇంజను 163 సీసీ. ఒకప్పుడు గ్రాస్ పవర్ లెక్కన దాన్ని 5.5 హెచ్‌పీ అనేవారు. ఇప్పుడు కంపెనీయే 3600 ఆర్‌పీఎం దగ్గర నెట్ 3.6 కిలోవాట్లు, అంటే 4.8 హెచ్‌పీ అని చెబుతోంది. గ్రాస్ పవర్ అంటే ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ లాంటివి లేకుండా ఇంజనును టెస్ట్ బెంచి మీద పెట్టి కొలిచింది. నెట్ అంటే అవన్నీ బిగించి, మీ చేతికొచ్చే రూపంలో కొలిచింది. ఎస్‌ఏఈ జే1349 అనేది ఆ నెట్ కొలతకున్న ప్రమాణం. ఫిల్టరు పీకేసి ఎవరూ పొలంలో నడపరు కదా, మరి ఆ గ్రాస్ అంకె చూసి డబ్బులెందుకు ఇవ్వాలి? గడ్డికోత ఇంజన్ల హెచ్‌పీ ఎక్కువ చేసి చూపారని అమెరికాలో కొనుగోలుదారులు కోర్టుకెళ్లారు. ఆ కేసు 2010లో సెటిల్‌మెంట్‌తో ముగిసింది. అక్కడి చిన్న ఇంజన్ల మీద హెచ్‌పీ బదులు టార్క్ వేయడం ఆ రోజుల్లోనే పెరిగింది.

మన దగ్గర పరిస్థితి ఇంకా అధ్వానం. అదే 52 సీసీ గడ్డికోత ఇంజను మీద ఒకరు 2 అంటారు, ఇంకొకరు 3 అంటారు, మరొకరు 4 అంటారు. ఒక సరఫరాదారు "మీకెంత కావాలో చెప్పండి, ఆ స్టిక్కరే పంపిస్తాం" అన్నాడు. వాళ్ల సరుకు మేం ఆపేశాం.

మీరు ఎక్కడ కొన్నా ఈ లెక్క ఒక్కటి చేసి చూడండి. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. వాటిని 0.746తో భాగిస్తే హెచ్‌పీ. కరపత్రంలో 7 హెచ్‌పీ, 3600 ఆర్‌పీఎం అని పైన ఉండి, కింద చిన్న అక్షరాల్లో గరిష్ఠ టార్క్ 12 న్యూటన్ మీటర్లు అని ఉందనుకోండి. 12ను 3600తో గుణించి 9549తో భాగిస్తే 4.5 కిలోవాట్లు, అంటే 6 హెచ్‌పీ. అంతకు మించి ఆ ఇంజను ఇవ్వలేదు. ఆ కరపత్రం తన అబద్ధాన్ని తనే చెప్పేస్తోంది. ఫోనులో అర నిమిషం పని.

పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఇంకోటుంది. "పాత నల్ల డీజిల్ ఇంజిను 5 హెచ్‌పీయే. ఈ కొత్త పెట్రోలుది 5.5 అన్నారు. మరి పాతదే ఎందుకు గట్టిగా లాగేది?" చాలా న్యాయమైన ప్రశ్న. ఆ డీజిల్ ఇంజను 1500 ఆర్‌పీఎం దగ్గర 3.7 కిలోవాట్లు ఇచ్చేది. లెక్క కడితే టార్క్ 23 న్యూటన్ మీటర్లు దాటుతుంది. పెట్రోలు ఇంజను 3600 దగ్గర 3.6 కిలోవాట్లు ఇస్తుంది, అక్కడ దాని టార్క్ పదికి లోపే. పైగా ఆ డీజిల్ 5 అన్నది రోజంతా నడపగల రేటింగు. ఐఎస్ 11170 లాంటి మన ప్రమాణాల ప్రకారం పన్నెండు గంటల్లో ఒక గంట పది శాతం అదనపు లోడు కూడా అది మోయాలి. పెట్రోలుది 5.5 అన్నది గరిష్ఠం, అదీ పాత కొలతలో. ఒకటి బరువు మోసే ఎద్దు, ఇంకోటి పందెం ఎద్దు. రెండింటినీ ఒకే అంకెతో అమ్మడం వల్లే ఇంత గందరగోళం. పెట్రోలు ఇంజనును గంటల తరబడి నడిపేవాళ్లకు నెట్ పవర్‌లో 85 శాతం దాటొద్దనే చెబుతాం.

చిన్న అంకె చూసి నీళ్లు చాలవేమోనని భయపడకండి. సెకనుకు 10 లీటర్లు, మొత్తం హెడ్ (నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు, పైపు రాపిడి కలిపి) 10 మీటర్లు అనుకుంటే నీటికి చేరాల్సిన శక్తి ఒక కిలోవాట్ కన్నా కాస్త తక్కువ. పంపు సగం శక్తి తినేసినా ఇంజను నుంచి 2 కిలోవాట్లు అందితే చాలు. గుంట లోతు, పైపు పొడవు చెప్పండి, లెక్క కట్టి చూపిస్తాం.

ఇక జనరేటర్ల ధర. జీడిపప్పు ఫ్యాక్టరీల వాళ్లు, కల్యాణ మండపాల వాళ్లు నా మీద కోపంగా ఉన్నారని తెలుసు. జనరేటర్ల పొగ మీద సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) 4 ప్లస్ నిబంధనలు 2023 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత నిబంధనల సెట్ల అమ్మకానికి 2024 జూన్ 30 వరకే గడువిచ్చారు. 19 నుంచి 56 కిలోవాట్ల డీజిల్ ఇంజన్లలో, అంటే మీరు ఎక్కువగా కొనే సైజులో, ప్రతి కిలోవాట్ గంటకు మసి 0.3 గ్రాముల నుంచి 0.03 గ్రాములకు తగ్గాలి. పదో వంతు! ఇంజనులోకి డీజిల్ కొట్టే పాత మెకానికల్ పంపుతో అది సాధ్యం కాదు. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ కావాలి, పొగ గొట్టంలో శుద్ధి చేసే పరికరాలు కావాలి. ధర పెరిగింది అందుకే. జీడి కాల్చే పొగ ఇప్పటికే పీలుస్తున్న మన ఊళ్లకు ఈ నిబంధన అవసరమని నా గట్టి నమ్మకం. మీ దగ్గర ఇప్పటికే ఉన్న పాత సెట్టును దీని కోసం పారేయక్కర్లేదు. కానీ సర్టిఫికెట్ లేని కొత్త సెట్టు మాత్రం మా దగ్గర అడగొద్దు, ఎంత తక్కువకు దొరికినా తెప్పించం. పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి ఇంజన్ల పరీక్షా సంస్థల్లో పరీక్షించి టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్ నిబంధనలకు సరిపోతుందన్న సర్టిఫికెట్, ఇస్తారు. ఆ కాగితం కాపీ బిల్లుతో పాటు ఇస్తాం.

సర్టిఫికెట్ ఉంది కదా అని జనరేటరును ఇంట్లో పెట్టి నడపొద్దు. ఇది చేతులు జోడించి చెబుతున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. వాన పడుతోందని వరండాలో, వంటగదిలో జనరేటర్లు పెట్టి నడిపినవాళ్లను చూశాను. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నిబంధనలకు లోబడిన ఇంజను కూడా ఆ వాయువును వదులుతుంది, మూసిన గదిలో మనిషిని చంపడానికి అది చాలు. ఆరుబయట, తలుపులకూ కిటికీలకూ దూరంగా, వాన పడకుండా పైన ఎత్తులో రేకు కప్పు వేసి పెట్టండి. మా కుర్రాళ్లు వచ్చి చోటు చూసి చెబుతారు, దానికి డబ్బులు తీసుకోం.

పెట్రోలు గురించి ఒక ముక్క. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది, మన సముద్రపు గాలిలో తేమకు కొదవ లేదు. పంట అయ్యాక ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేసి దాచండి. పాత ఇంజన్లలో రబ్బరు పైపులు మెత్తబడ్డాయేమో చూసుకోండి.

19 కిలోవాట్లు దాటిన సెట్లు కంపెనీ నుంచి రావడానికి సమయం పడుతోంది. తుపాన్ల కాలంలోపు కావాలనుకునే జీడి ఫ్యాక్టరీల వాళ్లు ఈ నెలలోనే లోడు వివరాలు పంపండి. మోటార్లెన్ని, ఒకేసారి ఎన్ని స్టార్ట్ చేస్తారు అన్నది తప్పక రాయండి. అది తెలియకుండా కేవీఏ (జనరేటరు సైజు) చెప్పి అడ్వాన్సు తీసుకోవడం మానేశాం.