శ్రుతి తప్పిందా, తోలు వదులైందా?

సంపాదకులకు,

పర్షియన్ శాస్త్రీయ వాద్యాలు మన ఊళ్లో ఎక్కడ వినిపించినా, జనం బయటికొచ్చేటప్పుడు మొదట చెవిన పడే మాట శ్రుతి తప్పిందనే. ఈ మధ్య మీ విశాఖ పేజీలో వచ్చిన సమీక్షా అదే అంది. ఆ ఒక్క మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఒకటి అసలు తప్పే కాదు. రెండోది తప్పే, కాకపోతే వాయించినవారిది కాదు, హాలుది.

మొదటిది కొరోన్, అంటే పావు మేర దించిన స్వరం. మన చెవికి రిషభమంటే శుద్ధం, లేదా చతుశ్రుతి. షడ్జానికి పైన ఒకటి 100 సెంట్ల (స్వరాల మధ్య దూరానికి కొలత, ఒక స్థాయికి 1,200) దగ్గర, ఇంకొకటి 200 దగ్గర. ‘షూర్’ అనే దస్త్‌గాహ్‌లో (మన రాగంలాంటి పర్షియన్ స్వరవ్యవస్థ) రెండో స్వరం ఈ రెంటికీ నడుమ, సుమారు 140 సెంట్ల దగ్గర నిలుస్తుంది. గమకంలో జారుతూ ఆ చోటు మనమూ దాటతాం. వాళ్లు అక్కడే కాలు మోపి నిలబడతారు. ఇలా పావు స్వరం దించడానికి కొరోన్ అని, పెంచడానికి సోరి అని పేర్లు పెట్టింది ఇరాన్ సంగీతజ్ఞుడు అలీ నగీ వజీరి. అసలు షాక్ పంచమం దగ్గర తగులుతుంది. మనకు స, ప కదలవు. షూర్‌లో కిందికి దిగేటప్పుడు పంచమం తరచుగా పావు దిగుతుంది. త్యాగరాజ కీర్తనలతో పెరిగిన చెవి అక్కడ ఉలిక్కిపడకపోతేనే ఆశ్చర్యం. మీటి వాయించే తార్ అనే వాద్యం మెట్లు మన వీణ మెట్లలా మైనంలో పాతుకుపోయినవి కావు. పేగుతో కట్టినవి, అటూ ఇటూ జరుపుకోవచ్చు. కాబట్టి కొరోన్ కొలత కూడా వాయించేవారిని బట్టి, దస్త్‌గాహ్‌ను బట్టి కొంత మారుతుంది. మహమ్మద్ రెజా లోత్ఫీ, హుసేన్ అలీజాదే తార్ రికార్డింగులు నాలుగుసార్లు వింటే చెవి దారికొస్తుంది.

రెండోది తోలు. బొబ్బిలి వీణకు కుండ మీద చెక్క పలక ఉంటుంది. తార్‌కు ఆ చోట తోలు. మల్బరీ చెక్కను 8 అంకె ఆకారంలో తొలిచి, నోటికి పల్చని గొర్రెపిల్ల తోలు సాగదీసి అతికిస్తారు. తీగలను మోసే గుర్రం (బ్రిడ్జి) నిలబడేది ఆ తోలు మీదే. తోలు చెమ్మ పీల్చి వదులైతే గుర్రం వెంట్రుకవాసి కుంగుతుంది. మూడు జతల ఆరు తీగలూ ఒక్కసారే దిగిపోతాయి, తీగ మెట్టుకు తగిలి జివ్వుమంటుంది. బిరడలు బిగిస్తే గుర్రం మీద ఒత్తిడి పెరిగి తోలు ఇంకాస్త కుంగుతుంది. అందుకే ఎంత బిగించినా కాసేపటికి మళ్లీ మొదటికే. టెహ్రాన్ సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉన్న పొడిగాలి ఊరు. అక్కడి గాలికి బిగించిన తోలును తెచ్చి మన బీచ్ రోడ్డు గాలికి పెడితే ఇంకేమవుతుంది?

ఏది ఏదో చెవితోనే పట్టొచ్చు. వింతగా వినిపించిన స్వరం పావుగంట తర్వాత కూడా అదే చోట ఉంటే అది కొరోన్. షడ్జంతో సహా అన్నీ కట్టకట్టుకుని దిగుతుంటే తోలు.

కమానుతో వాయించే కమాంచేదీ ఇదే బాధ, దానికీ గుర్రం తోలు మీదే. పేరు మాత్రం మనకు కొత్తది కాదు, వయొలిన్ వాయించే కమాను ఆ పారసీ మాటే. షుజాత్ ఖాన్ సితార్‌తో కలిసి కేహాన్ కల్హోర్ వాయించినవి విన్నవారికి ఈ వాద్యం పరిచయమే. తీగ మారినప్పుడల్లా కమాను వంగదు, వాద్యమే కింది ముల్లు మీద తిరుగుతుంది. మైకును మరీ దగ్గరగా బిగిస్తే తగులుతుంది, అడుగు దూరంలో ఉంచాలి.

సంతూర్‌ది వేరే గొడవ. శివ్‌కుమార్ శర్మ వల్ల మనం ఎరిగిన కాశ్మీరీ సంతూర్ కాదిది, ఇరాన్ సంతూర్. 72 తీగలు, ఇరువైపులా తొమ్మిదేసి గుర్రాలు, గుర్రానికి నాలుగేసి తీగలు. ఆ నాలుగూ కలిసి ఒకే స్వరం, అందులో ఒక్కటి కాస్త దిగినా స్వరం వణుకుతుంది. కుడివైపువి ఇత్తడి, ఎడమవైపువి ఉక్కు. లైట్ల వేడికి, ఏసీ చలికి రెండూ ఒకే తీరున కదలవు. పైగా దస్త్‌గాహ్ మారితే కొరోన్‌లు మారతాయి, ఆ తీగలన్నీ మళ్లీ తిప్పాలి. ఫరామర్జ్ పాయ్‌వర్, పర్వీజ్ మెష్కాతియాన్ అంతటివారికీ ఈ తిప్పుడు తప్పలేదు. దాన్ని ఆలస్యమని రాయడం అన్యాయం. సరిగ్గా ఆ సమయంలోనే శాలువాలు, ప్రసంగాలు పెట్టడం ఇంకా ఘోరం. మైకులో మాట మోగుతుంటే నాలుగు తీగల తేడా ఎవరికి వినపడుతుంది?

వేళ్లతో వాయించే తొంబాక్ అనే తోలు వాద్యం దగ్గర మృదంగం లెక్క పనికిరాదు. వార్లు లేవు, రాయితో తట్టి సరిచేసుకునే అంచు లేదు. ఒకే దుంగ తొలిచిన వాద్యం నోటికి తోలు అంటించి ఉంటుంది, అంతే. కాబట్టి బిగువు తెచ్చేది వేడి ఒక్కటే. తోలు వదులైతే నడిమి దెబ్బ ‘తొమ్’ బొంగురుపోతుంది, అంచు దెబ్బ ‘బక్’ చచ్చిపోతుంది. పది వేళ్లూ ఆగకుండా దొర్లించే ‘రీజ్’ అయితే ముద్దముద్దగా వినిపిస్తుంది. హుసేన్ తెహ్రానీ (1912–1974) పక్కవాద్యాన్ని సోలో వాద్యం చేసింది ఆ వేళ్ల స్పష్టతతోనే. గ్రీన్‌రూమ్‌లో 60 వాట్ల పాతకాలపు బల్బు ఒకటి, తోలుకు అడుగు దూరంలో పెట్టి ఇస్తే చాలు. ఎల్ఈడీ ఇచ్చి లాభం లేదు, దానికి వేడి ఉండదు. ఎండలో పెట్టారంటే అతుకు ఊడుతుంది, లేదంటే తోలు చిట్లుతుంది. అన్నట్టు, తాళం లేని ‘ఆవాజ్’ నడిచినంతసేపు తొంబాక్ సాధారణంగా మౌనంగానే ఉంటుంది. మైకు పనిచేయడం లేదని సౌండ్‌వాళ్లు వేదిక మీదికి పరుగెత్తనక్కర్లేదు.

నిర్వాహకులకు పెద్ద ఖర్చేమీ లేదు. కచేరీకి మూడు గంటల ముందే ఏసీ వేసి, వాద్యాలను పెట్టెల్లోనే వేదిక మీదికి చేర్చాలి. హాలు గాలికి అలవాటుపడ్డాకే పెట్టెలు తెరవాలి. శ్రుతి చేసేటప్పుడు కచేరీలో వెలిగే లైట్లే వెలగాలి. విరామంలో కరెంటు ఆదా అని ఏసీ ఆపి, తలుపులు బార్లా తెరిస్తే అంతకుముందు చేసిందంతా సముద్రం పాలే.

పోస్టరు మీద సెతార్‌ను సితార్ అని వేయకండి. సెతార్ అంటే మూడు తీగలని అర్థం, నాలుగోది తర్వాత చేరింది. చూపుడువేలి గోటితో మీటే బుల్లి వాద్యం. పైపలక చెక్కే కనుక చెమ్మకు తార్ అంతగా లొంగదు, కానీ నాదం చాలా చిన్నది. అది ఉన్న రోజు వేదిక పక్క పెడస్టల్ ఫ్యాన్లు కట్టేయించండి.

– వయొలిన్, మృదంగం నేర్పే ఇద్దరు,
సీతమ్మధార, విశాఖపట్నం