పక్క లోకంలో పూడిక తీశారేమో!

సంపాదకులకు నమస్కారం.

మల్టీవర్స్ సినిమాల (మన లోకంలాంటివి ఇంకెన్నో ఉన్నాయనే కథల) మీద మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి పది రోజులు దాటింది. ఊరుకుందామనుకున్నాను. కానీ ఇంటర్ చదివే మావాడు దాన్ని కత్తిరించి దాచుకున్నాడు, ఇక రాయక తప్పలేదు. మీ వ్యాసకర్త లెక్కన జరగగలిగిందంతా ఏదో ఒక లోకంలో జరుగుతుంది కాబట్టి మనిషి నిర్ణయానికి అర్థం లేదట! పుస్తకం పట్టుకోరా అంటే, 'ఇంకో లోకంల చదువుతున్న గదా డాడీ' అంటున్నాడు. ఫీజు మాత్రం ఈ లోకంలోనే కట్టాను.

అనేక లోకాల సంగతి 1957లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త హ్యూ ఎవరెట్ చెప్పిన మాట నిజమే. కానీ ఆయన లెక్కలో ఒక లోకం నుంచి ఇంకో లోకానికి రాకపోకల్లేవు. హనుమకొండలో ఆటో ఎక్కి కాజీపేటలో దిగినట్టు అటూ ఇటూ తిరగడం సినిమావాళ్ల సౌకర్యం. చచ్చిన హీరోను పక్క లోకం నుంచి పట్టుకొస్తే, మొదటివాడి కోసం మేం పెట్టిన కన్నీళ్లు ఎవరు వాపసిస్తారు? టికెట్ డబ్బులు ఎలాగూ ఇవ్వరు.

అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. 2023లో 7 ఆస్కార్లు గెలిచిన 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్'లో లాండ్రీ నడిపే తల్లి, తాను సినిమా తార అయిన బతుకును కూడా చూస్తుంది. చూసి కూడా లాండ్రీ, పన్నుల గొడవ, మాట వినని కూతురు ఉన్నచోటే ఉంటానంటుంది. మీ వ్యాసకర్త ఆఖరిదాకా కూర్చున్నారా?

అంతదూరం ఎందుకు, మన బమ్మెర పోతన భాగవతాన్ని రాజులకు అంకితం ఇవ్వనన్నాడు. ఇచ్చి పల్లకి ఎక్కిన పోతన ఇంకో లోకంలో ఉంటే ఉండనీయండి. ఈ పోతన పొలానికి ఆ పల్లకి ఏం అక్కరకొస్తుంది?

ఈ సిద్ధాంతం బాగా వంటపట్టింది మన అధికారులకే. 2020 ఆగస్టులో వరంగల్ మునిగింది, 2023 జులైలో మళ్లీ మునిగింది. మా వీధి నాలాలో పూడిక తీయండని మూడు దరఖాస్తులు ఇచ్చాను, రసీదులు ఉన్నాయి. 'ప్రాసెస్‌లో ఉంది' అంటారు. ఏ లోకంలోనో చెప్పరు. వాన పడితే మా వంటింట్లోకి వచ్చే నీళ్లు మాత్రం ఇక్కడివే.

అన్నట్టు, ఆ వ్యాసంలో 'నిర్ణయం' అన్న మాట రెండుచోట్ల 'నిర్నయం' అని అచ్చయింది. అదీ ఏదో లోకంలో ఒప్పేనేమో.

– ఒక పాఠకుడు, హనుమకొండ